తాడు గుంజుడు

మానేరు మీద మంచు ఎంత ఉన్నదంటే
పడవ ముందలి కొసకు కూసున్న మొండయ్య బీడి ఒక్కటే కనవడ్తుంది,
మొండయ్య కనవడ్తలేడు.

కుడి జబ్బ జారి నెలైంది ఆయనకు.
ఎముకలాయన కట్టిన కట్టు మీద చెద్దరు,
చెద్దరు మీద నా పాత రుమాలు.
చెయ్యి పనికి రాదు గని నోరు మస్తు పని చేస్తది.
"ఓదెమ్మా, డబ్బ మూత మీది గాలి మర ఇప్పు."
ఇప్పిన.
"రబ్బరు గుండు పిసుకు, గట్టివడే దాక."
పిసికిన. ఇదేం బర్రె పొదుగు గాదు,
దీనికి ఇచ్చుడు తెల్వదు, తాగుడే తెలుసు.
"గేరు నడుమ ఉన్నదా? చోకు గుంజినవా?
ఎర్ర రింగుల తాడు మణికట్టుకు తొడిగినవా?"
అన్నిటికి ఊ కొట్టిన.
"ఇగ గుంజు."

గుంజిన. గుర్రుమని ఊకున్నది.
మల్ల గుంజిన. నిద్రల ముసలాయన లెక్క ఒక్క దగ్గు.
ఆరోసారికి నా మోచెయ్యి పోయి పడవ అంచుకు తాకింది.
పడవంత పిట్రోల్ వాసన.
"ముంచినవ్. ఎక్కువ తాగింది. జెరసేపాగు."

ఆగినం.
ఇయ్యాల వేములాడ అంగడి.
ఎనిమిదింటికి చాప తూకం మీద ఉండాలె,
తెడ్డుతోటి పోతే పది దాటుతది,
పదింటికి బొచ్చె అడిగేటోడు ఉండడు.
దూరంగ ఎవలో తెప్పల తెడ్డు పెట్టిన సప్పుడు.
ఎక్కన్నో ఒక రౌట ఎగిరి పడ్డది.

ఈ మోటరు వచ్చిననాడు సొసైటీ మొగోల్లు ఇరవై ముగ్గురు
దాని చుట్టు నిలవడి ఫోటో దిగిన్రు.
నేను ఆ దినం చాయ్ గిలాసలు కడిగిన.
కరాబైననాడు సిరిసిల్ల కెల్లి రాజేశం వచ్చిండు.
సాంచల జాబరు, పడవ మోటరు ఎన్నడు పట్టినోడు గాదు.
నీలి డ్రమ్ముల నీల్లు నింపి, అండ్ల దాన్ని నిలవెట్టి,
నాడె సప్పుడు విన్నట్టు చెవి ఆనిచ్చి విన్నడు.
"అక్కా, దీనికి బలం ఒద్దు.
మెల్లగ గుంజు, లోపల పన్ను తాకే దాక.
అక్కడ దమ్ము వట్టు. అటెనుక ఒక్కటే ఇసురు."
నాకు చెప్పిండని మొగోల్లు నవ్విన్రు.
బిందెతోటి డ్రమ్ముల నీల్లు పోస్తున్నది నేనే గద,
దగ్గరున్నోల్లకు చెప్పిండు గావచ్చు.

ప్లగ్గు ఇప్పిన. కొంగుతోటి తుడిచిన. ఊదిన. బిగించిన.
చోకు లోపలికి నూకిన.
మెల్లగ గుంజితే
చీకట్ల తలుపు గడియ చేతికి దొరికినట్టు
తాడు కొసకు ఏదో తాకింది.
దమ్ము వట్టిన.

అంటుకున్నది!
నా పండ్ల దాక వణుకు. మంచుల నీలం పొగ.
"ఉచ్చ పోస్తుందా?" ఆయన అక్కడి కెల్లి ఒర్రుతుండు.
ఒంగి చూసిన. మోటరు పక్కపొంటి సన్నటి నీల్ల ధార.
"పోస్తుందీ!" నేను గూడ ఒర్రిన.
పోస్తే పానం మంచిగున్నట్టే,
పసిపిల్లల కాడ గూడ మేం గిదే చూస్తం.

వలల దిక్కు తిప్పిన.
కట్ట మీది లైట్లు ఒక్కొక్కటి మంచుల మునుగుతున్నయి.
పాత ఊరి మీదికి రాంగనే
ఆయన ఎడమ చెయ్యి లేపిండు.
బందు చేసిన. మోటరు పైకెత్తి కొక్కెం ఏసిన.
కింద ఈత మొద్దులున్నయి, పటేల్ల బాయి గోడ ఉన్నది,
పోయినసారి రెక్క ఇరిగింది గిక్కన్నే,
పదహారు వందలు.
అందుకే తెడ్డు. ఇంకేం లేదు.

ఇద్దరం మాట్లాడలే.
మా వాడకట్టు దాటెతందుకు నలభై తెడ్లు,
బడి దాటెతందుకు పన్నెండు.
నేను లెక్క పెడ్తున్నట్టు ఆయనకు తెల్వది,
ఆయన పెదిమెలు గూడ కదులుతున్నయి.

దాటినంక కొత్త బీడి ముట్టిచ్చి
"ముందుగాల గాలి మర..." అని షురూ చేసిండు.

నేను అప్పటికే తాడు వట్టిన.